మర ఓర్చే గాలి, మనిషి ఓర్చని గాలి

జులై నెల, సాయంత్రం నాలుగూ ఇరవై. చెన్నై పెరుంగుడిలో మా కంట్రోల్ రూమ్ కిటికీ బయట వేపచెట్టు ఆకు కదలడం లేదు. ఒకటే ఉక్కపోత. గోడ మీది స్క్రీన్‌లో మాత్రం, ఇక్కడికి దాదాపు 700 కిలోమీటర్ల దూరంలో ఉన్న ఆరల్వాయ్‌మొళి కనుమ దగ్గర గాలి సెకనుకు 14.6 మీటర్లు చూపిస్తోంది. అక్కడి ఒక్కో గాలిమరకు ఒక్కో చుక్క. వరసగా పచ్చగా వెలుగుతున్న ఆ చుక్కల్లో ఒకటి ఎర్రబడింది. రెక్కను తిప్పే బ్యాటరీల్లో ఒకదాని వోల్టేజీ పడిపోవడంతో మెషీన్ తనంతట తానే ఆగిపోయింది. నిమిషం తిరక్కుండానే సైట్ నుంచి ఫోన్. అవతల ఉరవకొండ దగ్గరి పల్లె కుర్రాడు.

"అన్నా, ముప్పై ఏడో నంబరు మర ఆగింది. సామాన్లన్నీ రెడీ. ఎక్కేదా?"

"ఎక్కొద్దప్పా. గాలి చూసినావా?"

"చూసినా. సారు అప్పుడే రెండుసార్లు ఫోన్ చేసినాడు, ఎందుకు ఇంకా ఎక్కలేదని."

గాలిమరల మీద పనిచేసేవాళ్ల చిక్కంతా ఈ నాలుగు ముక్కల్లో ఉంది. నేను తొమ్మిదేళ్లు టవర్లు ఎక్కాను, మొదట అనంతపురం జిల్లాలో, తర్వాత తిరునల్వేలి వైపు. మోకాలు అరిగాక చెన్నైకి వచ్చి ఈ స్క్రీన్ల ముందు కూర్చున్నాను. మా రూమ్‌లో సగం మంది అనంతపురం, కర్నూలు, నెల్లూరు వాళ్లమే. మా పని గురించి బంధువులు అడిగే మొదటి ప్రశ్న ఎప్పుడూ ఒకటే: "తుఫాను వస్తే ఎలాగయ్యా?" అడగాల్సిందే. కానీ తుఫాను వచ్చిన రోజు టవర్ మీద ఎవరూ ఉండరు. మనుషులు దెబ్బతినేది ఎక్కువగా మామూలు రోజుల్లో. ఎండ బాగా కాసినప్పుడు, గాలి బాగా వీచినప్పుడు, ఎక్కొచ్చులే అనిపించినప్పుడు. ఎందుకో చెప్పడానికే ఇది రాస్తున్నాను.

ముందు మర సంగతి. గాలి సెకనుకు 3, 4 మీటర్లు దాటితే టర్బైన్ కరెంటు ఇవ్వడం మొదలుపెడుతుంది. గాలి వేగం రెట్టింపైతే అందులో ఉండే శక్తి రెట్టింపు కాదు, ఎనిమిది రెట్లవుతుంది. అందుకే 6 దగ్గర కునికిపాట్లు పడే మెషీన్ 12 దగ్గరికి వచ్చేసరికి పూర్తి సామర్థ్యంతో తిరుగుతుంది. అక్కణ్నుంచి గాలి ఎంత పెరిగినా రెక్కలు తమ కోణం మార్చుకుంటూ, అదనపు గాలిని వదిలేస్తూ, అదే సామర్థ్యం దగ్గర నిలబడతాయి. మోడల్‌ను బట్టి 20 నుంచి 25 మీటర్ల దాకా ఇలా నడుస్తుంది. 25 అంటే గంటకు 90 కిలోమీటర్లు. అది దాటితే రెక్కలను గాలికి అంచుగా తిప్పేసి ఆగిపోతుంది. అంటే మర పూర్తి సామర్థ్యంతో సంపాదించేది 12కీ 25కీ మధ్యలో.

ఇక మనిషి సంగతి. ఏ గాలిలో ఏ పని చేయొచ్చో ప్రతి మోడల్ మాన్యువల్‌లోనూ రాసి ఉంటుంది. అంకెలు కంపెనీని బట్టి మారతాయి గానీ తీరు ఒకటే. రెక్కలన్నీ కలిసే హబ్‌లోకి దూరాలంటే హద్దు అన్నిటికంటే తక్కువ, మా సైట్‌లోని మోడల్‌కు 12. టవర్ నెత్తిన ఉండే పెట్టెను నాసెల్ అంటాం. దాని కప్పు మీదికి వెళ్లడానికి ఇంచుమించు అంతే. నాసెల్ లోపలే ఉండి చేసే పనికి ఇంకొంచెం ఎక్కువ.

ఈ రెండు లెక్కలనూ పక్కపక్కన పెట్టి చూడండి. మర బాగా సంపాదించే గాలిలోనే మనిషి పైకి వెళ్లకూడదు. తెలుగులో "గాలి ఉన్నప్పుడే తూర్పార పట్టుకోవాలి" అంటారు. యజమాని ఆలోచన అదే, అందులో తప్పు లేదు. తమిళనాడులో గాలి కాలం మే నుంచి సెప్టెంబరు దాకానే. నైరుతి రుతుపవనం పడమటి కనుమలను గుద్దుకుని పాలక్కాడ్, సెంగోట్టై, ఆరల్వాయ్‌మొళి సందుల్లోంచి తోసుకొస్తుంది. ఇరుకు సందులో గాలి వేగం పెరుగుతుంది. ఆరల్వాయ్‌మొళి పక్కనే ఉన్న ముప్పందల్‌లో అన్ని మరలు పాతడానికి కారణం ఇదే. ఆడి నెల గాలికి సన్నికల్లు కూడా ఎగిరిపోతుందని ఇక్కడి తమిళుల సామెత. ఏడాది రాబడిలో పెద్ద భాగం ఆ నాలుగైదు నెలల్లోనే రావాలి. సరిగ్గా ఆ నెలల్లోనే మెషీన్ చెడిపోతే ఎక్కి బాగుచేయడం కుదరదు.

12 మీటర్ల గాలి అంటే గంటకు 43 కిలోమీటర్లు. బైక్ మీద వెళ్తే మొహానికి తగిలేది అంతేగా, దానికింత భయమెందుకు అని కొత్తగా వచ్చిన కుర్రాళ్లు అడుగుతారు. నేనూ అడిగాను. ఒక మీటరు పొడవు, ఒక మీటరు వెడల్పు ఉన్న నాసెల్ మూతను ఎత్తి పట్టుకున్నామనుకోండి. 12 మీటర్ల గాలి దాన్ని సుమారు 10 కిలోల బరువుతో తోస్తుంది. గాలి 20 అయితే ఆ తోపు 30 కిలోలకు దగ్గరగా వెళ్తుంది. కింద నేల మీద అయితే కాలు వెనక్కి వేసి ఆపుకోవచ్చు. మౌంట్ రోడ్‌లోని ఎల్ఐసీ బిల్డింగ్ కంటే ఎంతో ఎత్తులో, నూనె జిడ్డు ఉన్న ఫైబర్ కప్పు మీద కాలు వెనక్కి వేసే చోటు ఉండదు.

ఇంకొకటి, బయటివాళ్లకు తట్టనిది. ఆగిన టర్బైన్ తిరిగే టర్బైన్ కంటే ఎక్కువ ఊగుతుంది. తిరిగేటప్పుడు రెక్కల మీది గాలే టవర్ ఊపును అణచి పడుతుంది. మనం పనికోసం మెషీన్ ఆపగానే ఆ అదుపు పోతుంది. కొన్ని సెకన్లకోసారి ముందుకూ వెనక్కూ, పడవలో ఉన్నట్టే ఉంటుంది. మొదటి నెలలో నేను రెండుసార్లు వాంతి చేసుకున్నాను. అలా ఊగుతుండగా ఒక చేత్తో టార్క్ రెంచి పట్టుకుని, రెండో చేత్తో హుక్ మార్చుకోవాలి.

అయినా హద్దు పెట్టింది ముఖ్యంగా ఊపుకోసం కాదు, మూతకోసమూ కాదు. ఇది నాకు మాన్యువల్ చదివి తెలియలేదు. 2014 మే నెలలో తెలిసింది.

అనంతపురం జిల్లాలో 80 మీటర్ల టవర్. బయట 41 డిగ్రీలు. పొద్దున పది గంటలకు గాలి 7 మాత్రమే ఉంది, కాగితం మీద అన్నీ సరిగానే ఉన్నాయి. నేనూ, తాడిపత్రి వైపు నుంచి వచ్చిన నా జతగాడూ గేర్‌బాక్స్ ఆయిల్ పని మీద ఎక్కాం. నాసెల్ ఒక మూసిన డబ్బా. నడుస్తున్న గేర్‌బాక్స్ నూనె 60 డిగ్రీల పైన ఉంటుంది, జనరేటర్ ఇంకా వేడిగా ఉంటుంది. మెషీన్ ఆపినా ఆ ఇనుమంతా చల్లారడానికి గంటలు పడుతుంది. లోపలి థర్మామీటర్ 52 చూపించింది. కాంట్రాక్టరు మధ్యాహ్నంలోగా మెషీన్ మళ్లీ నడవాలన్నాడు, కాబట్టి చల్లారేదాకా ఆగలేదు. తెచ్చుకున్న నాలుగు లీటర్ల నీళ్లు పన్నెండున్నరకే అయిపోయాయి. ఒంటి గంటకు అతని మాట తేడాగా అనిపించింది. "ఏమప్పా, దిగుదామా?" అన్నాను. "ఈ రెండు బోల్టులు బిగించి..." అన్నాడు. ఆ తర్వాత చెమట పట్టడం ఆగింది. చేతిలోని స్పానర్ జారింది. అలాగే గేర్‌బాక్స్ పక్కకు ఒరిగిపోయాడు.

స్పృహ తప్పిన మనిషిని దించడానికి నాసెల్ వెనక ఒక తలుపు ఉంటుంది. రెస్క్యూ కిట్‌లోని తాడు, కప్పీలతో టవర్ బయటి నుంచి నేరుగా నేలకు దించొచ్చు. పది నిమిషాల పని. తలుపు తెరిచాను. పడమట మబ్బు కమ్మింది, గాలి 13 దాటింది. 80 మీటర్ల తాడుకు 70 కిలోల మనిషి వేలాడితే ఆ గాలికి గడియారం లోలకంలా ఊగి టవర్‌కు కొట్టుకుంటాడు. తల పగిలితే వేరే సాయం అక్కర్లేదు. తలుపు మూసేశాను. కింది నుంచి ఇంకో ఇద్దరు ఎక్కివచ్చారు. టవర్ లోపల, నిచ్చెన వెంట, ఒక్కో ప్లాట్‌ఫారం మూతలోంచి దూర్చుతూ దించాం. గంటా పదిహేను నిమిషాలు పట్టింది. హార్నెస్‌లో కదలకుండా వేలాడే మనిషికి కాళ్లలో రక్తం నిలిచిపోయి అదే ప్రాణం మీదికి వస్తుంది. అందుకని ప్రతి ప్లాట్‌ఫారం మీదా పడుకోబెట్టి, కాళ్లు ఆడించి, మళ్లీ దించాం. బతికాడు. రెండు రోజులు సెలైన్ ఎక్కించారు. మళ్లీ టవర్ ఎక్కలేదు. ఇప్పుడు మోటార్లు రిపేరు చేసే షాపు పెట్టుకున్నాడు.

అప్పుడు అర్థమైంది. గాలి హద్దు అంటే "మనం ఎక్కగలమా" అన్న ప్రశ్నకు జవాబు కాదు. కాస్త దమ్మున్నవాడు 15లోనూ ఎక్కగలడు, 18లోనూ ఎక్కగలడు. "పడిపోయినవాణ్ని దించగలమా" అన్నదానికి జవాబు అది. ఆ గాలిలో బయటి తాడు పనికిరాదంటే, పైకి వెళ్లేవాడు ఒక దారి మూసుకుని వెళ్తున్నట్టే. 2013 అక్టోబరులో నెదర్లాండ్స్‌లోని ఓల్ట్‌గెన్స్‌ప్లాట్‌లో నలుగురు మెకానిక్‌లు పైన ఉండగా నాసెల్‌లో మంట లేచింది. ఇద్దరు బయటపడ్డారు, ఇద్దరు చనిపోయారు. కుర్రాళ్లు, ఇరవై ఏళ్లకు అటూ ఇటూ ఉన్నవాళ్లు. కాలుతున్న ఆ మర మీద చిక్కుకుపోయినవాళ్ల ఫొటో చూసిన టెక్నీషియన్ ఎవరూ రెండో దారి సంగతి మర్చిపోరు.

మరి గాలి ఎంత ఉందో అంత ఖచ్చితంగా తెలుస్తుందా? ఇక్కడ ఇంకో ముడి ఉంది. స్క్రీన్ మీద మాకు ఎక్కువగా కనిపించేది పది నిమిషాల సగటు. ఆ పది నిమిషాల్లో మూడు సెకన్ల పాటు 17 వచ్చి, మిగతాసేపు 10 ఉంటే సగటు 10 అనే చూపిస్తుంది. మనిషిని పడేసేది ఆ మూడు సెకన్లే. పైగా గాలి కొలిచే పరికరం రెక్కల వెనక, నాసెల్ మీద ఉంటుంది. రెక్కలు చీల్చిన గాలి దానికి తగులుతుంది. ఆరల్వాయ్‌మొళి గాలి ఒక రకంగా నిజాయతీపరురాలు. ఒకే దిక్కు నుంచి, రోజంతా ఇంచుమించు ఒకే జోరుగా వీస్తుంది. ఏప్రిల్, మే నెలల్లో అనంతపురం గాలి అలా కాదు. పొద్దున అంతా చెట్టాకు కదలదు. మధ్యాహ్నం ఉరుముల మబ్బు కిందికి దిగితే చల్లగాలి ఒక్కసారిగా నేలకు కొట్టి నాలుగు దిక్కులకూ పరుచుకుంటుంది. 5 ఉన్నది పది నిమిషాల్లో 20 అవుతుంది. కింద ఎర్రటి దుమ్ము లేవడం పైనుంచి కనిపిస్తుంది. అది కనిపించాక దిగడం మొదలుపెడితే అప్పటికే ఆలస్యం.

ఆ మబ్బుతోనే పిడుగు. చుట్టూ వేరుశనగ చేలు, మధ్యలో 80, 120 మీటర్ల ఇనుప స్తంభం, దాని పైన రెక్క కొన. పిడుగుకు అంతకంటే దగ్గరి మెట్టు ఇంకేముంటుంది? అందుకే రెక్క కొనల్లో లోహపు బిళ్లలు పెడతారు. వాటి నుంచి రెక్క లోపలి తీగ, హబ్, టవర్ మీదుగా భూమిలోకి దారి ఉంటుంది. ఈ ఏర్పాటు మెషీన్‌ను చాలావరకు కాపాడుతుంది, అదే దారిలో నిచ్చెన పట్టుకుని ఉన్న మనిషిని కాదు. నాసెల్ లోపల ఫ్యాన్ల రొదలో ఉరుము వినపడదు కూడా. కాబట్టి కనిపెట్టాల్సింది కిందివాళ్లు, మాలాంటి స్క్రీన్ ముందువాళ్లు. పుణెలోని ఉష్ణమండల వాతావరణ పరిశోధన సంస్థ (ఐఐటీఎం) తయారుచేసిన, పిడుగుల గురించి హెచ్చరించే దామిని యాప్ మా కుర్రాళ్లందరి ఫోన్లలో ఉంది. సరంజామా సర్దుకుని దిగడానికి 20 నిమిషాలు కావాలి, అందుకే పిడుగు ఇంకా దూరంగా ఉండగానే "దిగండి" అనాలి. చివరి ఉరుము తర్వాత అరగంట ఆగాకే మళ్లీ ఎక్కాలి. పది సార్లలో ఏడు సార్లు ఆ మబ్బు పక్కకు పోతుంది. "అనవసరంగా దించావు" అంటారు. అననివ్వండి.

ఇలా చూస్తే మా పంచాంగం ఎంత ఇరుకో తెలుస్తుంది. తమిళనాట మే నుంచి సెప్టెంబరు దాకా గాలి. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనం: వాన, పిడుగులు, తుఫాన్లు. ఏప్రిల్, మే వచ్చేసరికి ఎండ. నిదానంగా, భద్రంగా పని చేసుకోవడానికి మిగిలేవి జనవరి నుంచి మార్చి. ఏడాది సర్వీసు పనులన్నీ ఆ మూడు నెలల్లోకి కుక్కలేం. కాబట్టి ఏ నెలలోనో ఒక నెలలో, ఏదో ఒక హద్దుకు దగ్గరగా ఎవరో ఒకరు ఎక్కుతూనే ఉంటారు. మనకు మంచు బెడద ఒక్కటి లేదు. 2021 ఫిబ్రవరిలో టెక్సస్‌లో రెక్కలకు మంచు పట్టి బోలెడు టర్బైన్లు ఆగిపోయాయి. చలిదేశాల్లో ఆ మంచు పెళ్లలు ఊడి దూరంగా పడటం కిందివాళ్లకు ఇంకో గండం.

ఇక అందరూ అడిగే తుఫాను. టర్బైన్లను గాలి తట్టుకునే శక్తిని బట్టి తరగతులుగా చేస్తారు. అంతర్జాతీయ ప్రమాణంలో మొదటి తరగతి మెషీన్ యాభై ఏళ్లకోసారి వచ్చే గాలిగా సెకనుకు 50 మీటర్లను, అంటే గంటకు 180 కిలోమీటర్లను తట్టుకోవాలి. అదీ పది నిమిషాల సగటు. క్షణికమైన విసురు 70 దాకా. మూడో తరగతికి సగటు 37.5 చాలు. తుఫాన్ల ప్రాంతాలకని తర్వాత 57 మీటర్ల తరగతిని చేర్చారు. ఏ తరగతి మెషీన్‌ను ఎక్కడ పాతాం అన్నదానిమీదే సగం కథ నడుస్తుంది. 1998 జూన్‌లో గుజరాత్ తీరాన్ని కొట్టిన తుఫానులో గాలిమరలు దెబ్బతిన్నాయి. 2003 సెప్టెంబరులో మేమీ తుఫాను జపాన్‌లోని మియాకో ద్వీపంలో టవర్లనే కూల్చేసింది.

తుఫానులో మర ఎలా తట్టుకుంటుందో తెలిస్తే టెక్నీషియన్ పని ఎక్కడుందో తెలుస్తుంది. రెక్కలు అంచుగా తిరిగి ఉండాలి. రోటర్‌ను, అంటే రెక్కలూ హబ్ కలిసిన చక్రాన్ని, లాక్ చేయకూడదు, నెమ్మదిగా తిరగనివ్వాలి, లేకపోతే దెబ్బంతా ఒకేచోట పడుతుంది. తల, అంటే నాసెల్, ఎప్పుడూ గాలికి ఎదురుగా తిరుగుతూ ఉండాలి. ఈ చివరిదే గొడవ. తల తిప్పే మోటార్లకు కరెంటు కావాలి. తుఫానులో మొదట పడేది కరెంటు స్తంభాలే. తల ఒకవైపు ఇరుక్కుపోతుంది. తుఫాను కన్ను దాటగానే గాలి ఎదురు దిక్కు నుంచి వస్తుంది. అప్పుడు రెక్కల మీదా టవర్ మీదా పడే బరువు లెక్క వేరు. కాబట్టి హెచ్చరిక రాగానే కుర్రాళ్లు చేసేది ఇది: రెక్కల బ్యాటరీలు చూడడం, రోటర్ లాక్ తీసి ఉందో లేదో చూడడం, మూతలు బిగించడం, పైన ఒక్క సామాను విడిగా లేకుండా దించడం, తర్వాత ఊరి వైపు వెళ్లిపోవడం. 2017 నవంబరు 30న ఓఖీ కన్యాకుమారిని ఒరుసుకుంటూ వెళ్లింది. ఆ రోజుల్లో నేను తిరునల్వేలిలోనే ఉన్నాను. తుఫాను రాత్రి కంటే ఆ తర్వాతి వారమే నాకు ఎక్కువ టెన్షన్. అడుగున నీళ్లు, తడిసిన ప్యానెళ్లు, పొడి చోటు వెతుక్కుంటూ టవర్ లోపలికి చేరిన పాములు, రోడ్డు లేని సైట్‌లో తొందరపెట్టే ఫోన్లు.

ఇది ముందు ముందు ఇంకా చిక్కబడుతుంది. 2024 జూన్‌లో కేంద్రం సముద్రంలో గాలిమరల కోసం 7,453 కోట్ల రూపాయల పథకాన్ని ఆమోదించింది. గుజరాత్ తీరంలో 500 మెగావాట్లు, తమిళనాడు తీరంలో 500. అక్కడ టవర్ ఎక్కే ముందు పడవలోంచి నిచ్చెన అందుకోవాలి. గాలి హద్దుకు అల హద్దు తోడవుతుంది. పళ్లికరణైలోని జాతీయ పవన శక్తి సంస్థ వాయుమిత్ర పేరుతో కుర్రాళ్లకు శిక్షణ ఇప్పించింది. రెండేళ్లకోసారి చేయాల్సిన రెస్క్యూ, ఎత్తు పనుల శిక్షణ కూడా ఇప్పుడు చాలా సైట్లలో తప్పనిసరి. ఇవి నేను చేరినప్పుడు లేవు. ఇది నిజమైన మార్పు.

మారనిది ఒప్పందం. మెషీన్ ఏడాదిలో ఇంత శాతం గంటలు సిద్ధంగా ఉండాలని మెయింటెనెన్స్ కంపెనీ యజమానికి మాట ఇస్తుంది, సాధారణంగా 95 పైన. తగ్గితే జరిమానా. గాలి హద్దు దాటడం వల్ల ఎక్కలేక ఆగిన గంటలు ఎవరి ఖాతాలో పడతాయి? కొన్ని ఒప్పందాల్లో వాటిని తీసేస్తారు. కొన్నింటిలో "మెషీన్ చెడింది కాబట్టి ఆగింది" అని అదే ఖాతాలో వేస్తారు. రెండో రకం సైట్‌లో సూపర్‌వైజర్ చేతిలో మాన్యువల్ ఒకటి ఉంటుంది, చెవిలో ఫోన్ ఇంకొకటి చెప్తుంది. "జాగ్రత్త, జాగ్రత్త" అని గోడ మీద ఎన్ని బోర్డులు పెట్టినా, ఆ లెక్క మార్చనంత కాలం ఎక్కమని చెప్పకుండానే ఎక్కించినట్టవుతుంది. నా మటుకు నేను సైట్ భద్రత ఎలా ఉందో తెలుసుకోవాలంటే హెల్మెట్లు చూడను, ఆ ఒక్క నిబంధన చూస్తాను.

ఆ రోజు ముప్పై ఏడు దగ్గరికి ఎవరూ వెళ్లలేదు. సారుకు నేనే ఫోన్ చేసి చెప్పాను. రాత్రి రెండింటికి కూడా గాలి 13. అది 2 మెగావాట్ల మెషీన్. ఆ గాలిలో 13 గంటలు ఆగితే సుమారు 26 వేల యూనిట్లు, యూనిట్‌కు మూడు రూపాయలు వేసుకున్నా 78 వేలు. తెల్లవారుజామున గాలి తగ్గింది. ఐదూ నలభై ఐదుకు స్క్రీన్ మీద 9, విసురులు 11 లోపు. ఆ కుర్రాడూ, అతని జతగాడూ ఎక్కారు, రోటర్ లాక్ చేశారు, బ్యాటరీ మార్చారు. ఎనిమిదీ పదికి ఎర్ర చుక్క పచ్చబడింది.

"అన్నా, ఇద్దరం దిగేసినాం. టిఫిన్‌కు పోతున్నాం."

సరేనని రిజిస్టర్ తెరిచాను. ఎక్కినప్పటి నుంచి మెషీన్ తిరిగేదాకా పట్టిన రెండు గంటల ఇరవై ఐదు నిమిషాలను "మెషీన్ లోపం" గడిలో రాశాను. అంతకు ముందు ఆగిన పదమూడు గంటల ఇరవై ఐదు నిమిషాలను "వాతావరణం" గడిలో రాసి సంతకం పెట్టాను.